తొమ్మిదో పోగు

"—పన్నెండు అతుకులకి పన్నెండూ పాడయ్యాయంటే, ఆ చేసినవాడు ఏ స్థితిలో ఉండి చేశాడో మీరే చెప్పండి!"

"చచ్చిపోయినోడప్పా అతను. మాట చూసి ఆడు."

"నేనేం కల్పించి చెప్పడంలేదు శశికుమార్ గారూ. మిషన్ చెబుతోంది. ఒకటో రెండో పోతే చేతిపని, పోనీలే అనుకుంటాం. అన్నీనా? ఊళ్ళో అనుకునేది నిజమేనేమో."

"ఊళ్ళో ఏమనుకుంటా ఉండారు?"



రేకుల షెడ్డు బయట నాగవేణి మిగిలిన కేబులు ముక్కను నేలమీద ఎనిమిది అంకెలాగా చుడుతోంది. అలా చుడితే మెలిక పడదు. లోపలి మాటలు వింటూ కూడా రెండు చుట్లు సరిగ్గానే వేసింది. మూడో చుట్టుకు చేతులు ఆగిపోయాయి. ఊళ్ళో అనుకునేదేమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. చనిపోయిన సాయంత్రం తన భర్త శివరాజ్ తాగి బండి నడిపాడని. గుద్దిన టిప్పరు డ్రైవరు చెప్పుకున్న మాట అది. పోస్ట్‌మార్టం కాగితంలో అలాంటిదేమీ లేదు. కానీ కాగితం ఎవరు చదువుతారు? ఉద్దనపల్లిలో ఏళుమలై టీ అంగట్లో కూర్చున్నవాళ్ళు మాటే చదువుతారు. శివరాజ్ ఒకప్పుడు తాగినవాడే. ఆరేళ్ళ కిందట మానేశాడు. మానినవాడిని ఊరు సగమే నమ్ముతుంది.

ఆమె కేబులు నేలమీద పెట్టి, చేతులు చీర కొంగుకు తుడుచుకుని లోపలికి వెళ్ళింది.

శశికుమార్ ఆ రూటు కాంట్రాక్టరు. పదేళ్ళుగా హోసూరు నుంచి రాయకోట దాకా ఇంటర్నెట్ నడిచే గాజు కేబులు వేయించేదీ, తెగితే అతికించేదీ అతనే. ఎదుట నిలబడి ఉన్న జితేంద్ర కంపెనీ ఇంజనీరు. ఒంగోలు వైపునుంచి వచ్చి ఇంకా నాలుగు నెలలు కాలేదు. ఆమెను చూడగానే అతని ముఖం చిన్నబోయింది. విన్నదని తెలిసిపోయింది.

"సారూ, యా పక్కనుంచి చూసినారు?" అంది నాగవేణి.

"హోసూరు నుంచి."

"రాయకోట నుంచి చూడలేదా?"

"ఎటునుంచి చూసినా అదే కేబులు కదమ్మా."

"అదే కేబులు కాదు సారూ. ఉద్దనపల్లి గుంత దాకా కొత్తది. ఆడినుంచి రాయకోటకు పాతది. రెండూ వేరే జాతి. రెండు పక్కలా చూసి, రెండూ కలిపి సగం చెయ్యాల. ఒక పక్క చూసి చెప్పకూడదు."

జితేంద్ర శశికుమార్ వైపు చూశాడు. శశికుమార్ గడ్డం గోక్కున్నాడు.

"రికార్డులో అంతా ఒకే రకం అని ఉంది," అన్నాడు జితేంద్ర.

"రికార్డు రాసినోళ్ళు గుంతలోకి దిగలేదు సారూ."

"గురువారం గుంతలో అతుకులున్న ఆ బాక్సు మొత్తం కోసేసి కొత్తగా అతికించమని చెప్పేశాను. మనుషులు కూడా సిద్ధంగా ఉన్నారు."

"రేపు బుధవారం గదా. రేపు ఒక్క దినం ఇవ్వండి. రాయకోటకు మీరే రండి. మీ చేత్తోనే చూడండి."

శశికుమార్ లేచాడు. "ఇస్తాడులేమ్మా. ఏమప్పా జితేంద్ర, ఒక దినంలో మునిగిపోయేదేముంది? మంచి అతుకుల్ని కోసిపారేసినామని రేపు ఎవురన్నా అడిగితే నువ్వు చెప్తావా, నేను చెప్పల్నా?"

జితేంద్ర ఒప్పుకున్నాడు. నాగవేణి బయటికి వచ్చి మళ్ళీ కేబులు చేతిలోకి తీసుకుంది. తను నోరు మూసుకుని ఉంటే గురువారం ఆ బాక్సులో పన్నెండు పోగులూ తెగేవి. వాటిలో తొమ్మిదోదీ తెగిపోయేది. ఇక ఈ లోకంలో ఎవరికీ దాని సంగతి తెలిసేది కాదు. అది తెలిసే ఆమె లోపలికి వెళ్ళింది.

*

నాగవేణి పెళ్ళికి ముందునుంచీ ఎనిమిదేళ్ళు హోసూరులో ఒక ఫ్యాక్టరీలో బండ్లకు వేసే వైర్లు కట్టేది. రంగు చూసి రంగుకు కలపడమే పని. కళ్ళు మూసుకున్నా రంగులే కనిపించేవి. శివరాజ్‌ది ఉద్దనపల్లి దగ్గర గొర్రెలు మేపేవాళ్ళ ఇల్లు. తండ్రి ఆంజప్ప పోయాక మంద అమ్ముడుపోయింది. శివరాజ్ కేబులు గుంతలు తవ్వే పనికి పోయాడు. తవ్వుతూ తవ్వుతూ గుంత గట్టున కూర్చుని పనిచేసే జాయింటరును చూశాడు. కోలారు నుంచి వచ్చిన హనుమంతయ్య అనే ఆ పెద్దాయన వెంట్రుకంత గాజు పోగును ఒలిచి, తుడిచి, కోసి, రెండు కొనలను మిషన్లో ఎదురెదురుగా పెడితే, ఒక చిన్న నిప్పురవ్వ లేచి రెండూ ఒకటైపోయేవి. శివరాజ్ ఆ రవ్వ కోసం ఏడాదిపాటు ఆయనకు నీళ్ళు మోశాడు, గొడుగు పట్టాడు. రెండో ఏడు ఆయన మిషన్ ముందునుంచి జరిగి చోటిచ్చాడు.

పనిలో శివరాజ్‌కు రెండు అలవాట్లు ఉండేవి. కోసిన గాజు ముక్క ఒక్కటి కూడా నేలమీద పడనిచ్చేవాడు కాదు. నల్ల టేపుకు అంటించి, ఖాళీ మాత్రల సీసాలో వేసి మూత పెట్టేవాడు. మిగతా జాయింటర్లు నవ్వితే, "గొర్రె నోట్లో పడితే అది చెప్పుకోలేదప్పా," అనేవాడు. రెండోది, బాక్సు మూసేముందు లోపల ఒక చీటీ పెట్టడం. పేరు, తేదీ, ఎన్ని పోగులు సరిగ్గా ఉన్నాయో లెక్క. అది హనుమంతయ్య నేర్పినది. మన పని మట్టిలో పూడ్చిపెట్టేది, పైన ఎవరికీ కనపడదు, కనీసం తవ్వినవాడికైనా మన పేరు తెలియాలి అని ఆయన అనేవాడట. అవతలి కొననుంచి మిషన్ మాట వినకుండా శివరాజ్ ఎన్నడూ ఆ చీటీ రాయలేదు.

అవతలి కొన నాగవేణి. పెళ్ళయిన మూడో ఏట ఫ్యాక్టరీ పని పోతే ఇంట్లో ఖాళీగా కూర్చోవడం ఎందుకని అతనే పిలిచాడు. పిల్లలు లేరు. ఇంట్లో అత్త కెంచమ్మ, ఆమె నాలుగు మేకలు. నాగవేణికి రంగులు కొట్టిన పిండి కాబట్టి పరీక్ష మిషన్ దగ్గర కూర్చోబెట్టాడు, తీరిక దినాల్లో అతికించడమూ నేర్పాడు. అతను గుంత దగ్గర, ఆమె పది పదిహేను మైళ్ళ అవతల టవరు పక్కన చిన్న గదిలో, మధ్య ఫోను. దినమంతా ఒకరికొకరు కనపడకుండా మాట్లాడుకుంటూ పనిచేసే సంసారం.

"నీలం?"

"మైనస్ పాయింట్ రెండు."

"నారింజ?"

"మైనస్ పాయింట్ రెండే."

ఉద్దనపల్లి గుంత పని మొదలైన దినం ఆమెకు అది వింతగా కనిపించింది. మామూలుగా అతుకు దగ్గర వెలుగు కొంచెమైనా పోతుంది. ఇక్కడ మైనస్, అంటే పెరిగినట్టు చూపిస్తోంది. "ఏమప్పా, నీ చేత్తో వెలుగు పుట్టిస్తా ఉండావా?" అని అడిగింది.

ఫోనులో అతను నవ్వాడు. "లేదు వేణీ, అది దొంగ లాభం. కొత్త కేబులు వంచినా వెలుగు జారని రకం. దాని గుండె సన్నం. పాతదాని గుండె కొంచెం వెడల్పు. పాత పక్కనుంచి చూస్తే పెరిగినట్టు చూపిస్తాది, కొత్త పక్కనుంచి చూస్తే లేని నష్టం చూపిస్తాది. అతుకు మాత్రం ఒకటే."

"మరి యాది నమ్మాల?"

"మొగుడింటోళ్ళ మాట ఒకటే వింటే కోడలు దయ్యం. పుట్టింటోళ్ళ మాట ఒకటే వింటే అత్త దయ్యం. రెండూ విని సగం చెయ్యాల."

"మీ అమ్మ పక్కనే ఉండాదా? వినబడేటట్టు చెప్పు."

"మేకల్ని తోలకపోయింది. అందుకే చెప్తా ఉండా."

అది సోమవారం. అతను పోయింది ఆ బుధవారమే.

*

ఆ బుధవారం సాయంత్రం నాలుగున్నరకు రాయకోట కొండమీద మబ్బు కమ్మింది. కోట గోడ ముందు కనబడకుండా పోయింది, తర్వాత కొండ కనబడకుండా పోయింది. గదిలో నాగవేణి పొద్దున్నుంచి ఒక ఇనుప స్టూలు మీద కూర్చుని ఉంది. నడుము పట్టేసింది. తెచ్చుకున్న రాగి సంగటి పదకొండుకే అయిపోయింది. అటు శివరాజ్ మూడు దినాలుగా గుంత గట్టున వంగి కూర్చుని దగ్గుతున్నాడు. వాన వస్తే గుంత నిండుతుంది. పని అయ్యాక అతను బండిమీద రాయకోటకు వచ్చి ఆమెను ఎక్కించుకుని ఇంటికి పోవాలి. హోసూరు వైపు పరీక్ష మరునాడు.

ఎనిమిది పోగులు సరిగ్గా వచ్చాయి.

"పసుపు?" అన్నాడు శివరాజ్. అది తొమ్మిదోది.

మిషన్ తెరమీద గీత అతుకు దగ్గర పైకి లేవలేదు. కిందికి జారింది. ప్లస్ పాయింట్ మూడు. మిగతావన్నీ లాభం చూపిన చోట ఇది నష్టం చూపుతోందంటే అతుకు చెడింది.

నాగవేణి ఆ అంకెను చూసింది. కోయాలి, ఒలవాలి, తుడవాలి, మళ్ళీ కోయాలి, అతికించాలి, మళ్ళీ చూడాలి. పది పన్నెండు నిమిషాల పని. ఎట్లాగూ రేపు హోసూరు నుంచి చూసేటప్పుడు బయటపడుతుంది, రేపే చేసుకోవచ్చు, గుంత ఎక్కడికీ పోదు అనుకుంది.

"మైనస్ పాయింట్ రెండు," అంది.

"సరిగా చూసినావా? నాకెందుకో ఒక కొన వంకరగా తెగినట్టు కనబడె."

"సరిగానే ఉందప్పా. తొందరగా ముగించు, వాన వస్తా ఉంది."

"నువ్వు చెప్తే సరే," అన్నాడు శివరాజ్.

మిగిలిన మూడూ బాగానే వచ్చాయి. అతను చీటీ రాశాడు, బాక్సు మూశాడు, బయలుదేరుతున్నానని చెప్పాడు. ఆమె మిషన్ సంచిలో సర్ది, గదికి తాళం వేసి, మెట్లమీద నిలబడింది. వాన అప్పటికి ఇంకా పడలేదు. ఉద్దనపల్లి నుంచి వచ్చే దారిలో, మలుపు దగ్గర, ఎదురుగా రాళ్ళ టిప్పరు వచ్చింది. ఎవరో అతని ఫోను తీసి, చివరగా మాట్లాడిన నంబరుకు చేశారు.

తర్వాత మూడు నెలలు ఆమె మనసు ఒకే లెక్క చేసింది. పది పన్నెండు నిమిషాలు. ఆ టిప్పరు ఆ మలుపు దాటి ఎంతో దూరం పోయి ఉండేది.

హోసూరు వైపు పరీక్ష ఎవరూ చేయలేదు. కొత్త కనెక్షన్లకు పన్నెండు పోగులూ కావలసి వచ్చి, జితేంద్ర మిషన్ తగిలించేదాకా ఆ బాక్సు అలాగే మట్టిలో ఉంది.

*

మంగళవారం రాత్రి కెంచమ్మ వాకిట్లో మేకల తాడు విప్పుతూ మొదలుపెట్టింది. "ఇయ్యాల పాల డిపో కాడ లక్ష్మక్క నన్ను చూసి మాట మింగేసె. నేను పోయేంతవరకూ నోరు తెరవలేదు. నాకు తెలీదనుకుంటారు. నా కొడుకు తాగినాడంట."

"తాగలేదత్తా."

"నాకు తెలియదా? తాగినోని మాట నేను ఏండ్లకేండ్లు విన్నాను. ఆ దినం మధ్యానం ఫోను చేస్తే గొంతు నీళ్ళ మాదిరి ఉన్నింది." కెంచమ్మ మేకను దగ్గరికి లాక్కుని దాని చెవి తడిమింది. వాళ్ళ మందలో ప్రతిదానికీ ఎడమ చెవి కొన చిన్నగా కత్తిరించి ఉంటుంది. ఆంజప్ప పెట్టిన గుర్తు. మంద పోయినా ఆమె మేకలకు అదే గుర్తు పెట్టింది. "ఆఖర్న నీతో ఏం మాట్లాడినాడో ఇంకొకసారి చెప్పు."

మూడు నెలల్లో ఇది ఎన్నోసారో. చెప్పిన ప్రతిసారీ ముసలామె కొత్తగా వింటుంది.

"'నువ్వు చెప్తే సరే' అన్నాడత్తా."

"నువ్వేం చెప్పినావు?"

"వాన వస్తా ఉంది, తొందరగా ముగించమని చెప్పినాను."

"అంతే గదా. పెండ్లాము చెప్పే మాటే." కెంచమ్మ తల ఊపింది. "నీ మాట వినేవాడమ్మా వాడు. నా మాట ఎప్పుడూ వినలేదు." అందులో ఒక ముద్దు, ఒక తిట్టు. ఆమె మేకను కట్టేసి లోపలికి వెళ్ళింది. సంగటి రెండు ముద్దలు చేసి, పెద్దది కోడలి కంచంలో పెట్టింది.

నాగవేణి ఆ ముద్ద మొత్తం తింది. తినకపోతే ముసలామె అడుగుతుంది.

*

మరునాడు పదింటికి రాయకోట గది తాళం తీశారు. స్టూలు అక్కడే ఉంది. నాగవేణి దానిమీద కూర్చోలేదు. మిషన్ జితేంద్ర చేతిలో పెట్టి, తాను పక్కన నిలబడి పోగు పేరు చెబుతూ వచ్చింది. గుమ్మంలో శశికుమార్ నిలబడి వక్క నములుతున్నాడు.

"నీలం."

జితేంద్ర తెర చూశాడు. కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూశాడు. "మైనస్ పాయింట్ రెండు. పెరిగింది?"

"హోసూరునుంచి ఎంత చూపించింది సారూ?"

అతను కాగితం చూశాడు. "పాయింట్ మూడు."

"మూడులోంచి రెండు తీసేయండి. ఒకటి మిగులుతాది. దాన్ని సగం చెయ్యండి."

"పాయింట్ జీరో ఫైవ్." అతను ఆ అంకె కాగితంమీద రాసుకున్నాడు. "ఇది చాలా మంచి అతుకు."

"నారింజ చూడండి."

నారింజ, ఆకుపచ్చ, గోధుమ. ఒక్కో పోగుకు అతను కాగితం మీద రెండో అంకె రాసి, కలిపి, సగం చేసి, గీత కొడుతున్నాడు. అయిదు, ఆరు, ఏడు. శశికుమార్ గుమ్మంలోంచి, "ఏమప్పా, తాగినోడి చెయ్యి ఇట్లా ఉంటాదా?" అన్నాడు. జితేంద్ర తల ఎత్తలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"మాకు కాలేజీలో చెప్పారండీ," అన్నాడు. "రెండు వైపులా చూడాలని చెప్పారు. ఒకే రకం అనుకుని వదిలేశాను."

ఎనిమిదోది నలుపు. అదీ సరే.

"పసుపు," అంది నాగవేణి.

తెరమీద గీత కిందికి జారింది. సరిగ్గా ఆ సాయంత్రం జారినట్టే.

"ఇది ప్లస్. పాయింట్ మూడు." జితేంద్ర కాగితం చూశాడు. "అటు పాయింట్ ఎనిమిది. కలిపితే ఒకటి పాయింట్ ఒకటి. సగం... ఇది నిజంగానే పోయింది."

"మిగతావి చూడండి సారూ."

మిగతా మూడూ బాగున్నాయి.

"పన్నెండులో పదకొండు!" శశికుమార్ బయటికి వెళ్ళి వక్క ఉమ్మి వచ్చాడు. అతని కళ్ళు తడిగా ఉన్నాయి. "నా దగ్గర పదేండ్లు చేసినాడు. నాకు తెలియదా? నేనే ఈ ఊరంతా చెప్తాను. ఏళుమలై అంగట్లో నిలబడి చెప్తాను. పోదాం పదండి, గుంత తెరిచి ఆ ఒక్కటీ చూసి వచ్చేద్దాం."

*

గుంత రోడ్డు పక్కన, ఒక టమోటా తోట కంచె కింద ఉంది. మలుపు అక్కడికి కనపడదు. అయినా నాగవేణి అటు వీపు పెట్టి నిలబడింది. కూలీలిద్దరు మూత లేపారు. శశికుమార్ బాక్సును పైకి తీసి, తుడిచి, టార్పాలిన్ మీద పెట్టి తెరిచాడు. లోపల ట్రేలో పోగులు వరసగా, ఒకదానిమీద ఒకటి పడకుండా, మెత్తగా తిరిగి ఉన్నాయి. తేమ కూడా చేరలేదు. ట్రే పక్కన ఒక ప్లాస్టిక్ కవరులో చీటీ.

జితేంద్ర మొదట రెండు కేబుళ్ళ పైతొడుగులమీద అచ్చు వేసిన అక్షరాలు చదివాడు. ఒకదానిమీద ఒక రకం పేరు, రెండోదానిమీద మరో రకం. ఫోనులో రెండూ ఫొటో తీసుకున్నాడు. తర్వాత చీటీ విప్పాడు.

తమిళ అక్షరాల్లో పేరు, తేదీ, కింద ఒక వాక్యం. జితేంద్రకు తమిళం రాదు. "ఏం రాశాడు?" అని అడిగాడు.

శశికుమార్ చదివాడు. "శివరాజ్, ఉద్దనపల్లి. పన్నెండూ చూసినాము, పన్నెండూ సరి."

నాగవేణి ఆ చీటీ వైపు చూసింది. శివరాజ్ చేతిరాత ముందుకు వాలి ఉంటుంది. అతను వంగి కూర్చుని మోకాలిమీద రాసేవాడు.

"పన్నెండూ సరి అని రాశాడు, పసుపుది సరి కాదు," అన్నాడు జితేంద్ర. మాటలో నింద లేదు, విచారమే ఉంది. "చూసుకోకుండానే రాసేసినట్టున్నాడు. వాన వచ్చేటట్టుంటే ఎవరైనా అంతేనండీ. నేను రిపోర్టులో పదకొండూ చాలా బాగున్నాయని రాస్తాను. ఒకటి జాయింటరు పొరపాటు అని రాస్తాను. అంతకంటే ఏమీ రాయను. ఈ చీటీ ఫొటో కూడా పెట్టాలి, రూలు." అతను చీటీని టార్పాలిన్ మీద పరిచి, ఫోను పట్టుకున్నాడు. "నాగవేణి గారూ, నిన్న నేనన్న మాట... క్షమించండి. మీలాంటివాళ్ళు మాకు టెస్టింగ్‌లో కావాలి. హోసూరు ఆఫీసులో పర్మనెంటుగా తీసుకోమని ఈవేళే రాస్తాను."

"ఒప్పుకోమ్మా," అన్నాడు శశికుమార్. "ఎండలో వానలో తిరిగే పని ఉండదు. ముసలామెకూ నిమ్మళం. ఒక్క పోగుదేముంది? ఒక తప్పు చెయ్యని చెయ్యి యాడుంది? ఎవురూ ఏమీ అనుకోరు."

తోటలోంచి ఎవరో మోటారు ఆపారు. కాలువలో నీళ్ళ చప్పుడు ఆగింది. జితేంద్ర చీటీమీద పడుతున్న తన నీడను తప్పించడానికి ఇటు జరిగాడు, అటు జరిగాడు.

"ఆ ఫొటో తియ్యొద్దు సారూ," అంది నాగవేణి.

"ఎందుకమ్మా?"

"అతను చూసుకోకుండా రాయలేదు. నన్ను అడిగి రాసినాడు. తొమ్మిది ఎంత అని అడిగె. మిషన్లో ప్లస్ మూడు ఉన్నింది. నేను మైనస్ రెండని చెప్పినాను."

శశికుమార్ నోట్లో వక్క నమలడం ఆగింది. "పొరపాటున చెప్పింటావులే. అంకె సరిగా కనపడలేదేమో."

"కనపడింది అన్నా. సరిగా చూసినావా అని రెండోసారి అడిగినాడు. కొన వంకరగా తెగినట్టు ఉందన్నాడు. అతనికి తెలిసింది. సరిగానే ఉందని మళ్ళీ చెప్పినాను. నడుము నొప్పిగా ఉన్నింది. ఇంటికి పోవాలనిపించింది. రేపు చేసుకోవచ్చులే అనుకొని అట్లా చెప్పినాను." ఆమె గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "నిజం చెప్పింటే పది నిమిషాలు ఈడనే కూర్చొనుండేవాడు."

కూలీల్లో ఒకడు మలుపు వైపు చూసి, వెంటనే తల దించుకున్నాడు. జితేంద్ర ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఇది ఎవురికీ తెలియాల్సిన పని లేదమ్మా," అన్నాడు శశికుమార్ మెల్లగా. "మేము నలుగురమూ నోరు మూస్తే సరిపోతాది. కెంచమ్మకు తెలిస్తే నిన్ను ఇంట్లో ఉండనిస్తాదా? నీకుండేది ఆ ఇల్లొకటే గదా."

నాగవేణి వంగి చీటీ తీసుకుంది. మడత ఉన్నచోటే మడిచి, జాకెట్లో పెట్టుకుంది. టార్పాలిన్ అంచుమీద గాజు ముక్క ఏదైనా పడిందేమోనని ఒకసారి అరచేత్తో తడిమి చూసింది.

"నేను ఉద్దనపల్లికి పోయి మా అత్తకు చెప్పి వస్తాను," అంది. "గంట పడతాది. అంతవరకూ తొమ్మిదోది ఎవురూ కొయ్యొద్దు. వచ్చి నేనే కోస్తాను, నేనే అతికిస్తాను. చీటీ నా పేరుతో రాసి పెడతాను."